వూంగ్ చువాలో జనరల్ జాప్ సమాధి: ఇక్కడి నుంచి బయల్దేరి దండం పెట్టుకుని వచ్చేదాకా

వియత్నాం తీరంలోని వూంగ్ చువా కొండ ఎక్కి, జనరల్ జాప్ సమాధి ముందు నిలబడి, దండం పెట్టుకుని కిందికి దిగడానికి ముప్పావు గంట చాలు. దాని కోసం వీసా, విమానం, రాత్రంతా రైలు, పొద్దున్నే కారు. పైన పెద్ద విగ్రహం ఉంటుందనో, మ్యూజియం ఉంటుందనో వెళ్తే నిరాశే. ఒక సమాధి, పూలు, ఊదుబత్తుల పొగ, ఎదురుగా సముద్రం, అందులో ఒక చిన్న దీవి. అంతే.

కాబట్టి ఆ మనిషి ఎవరో తెలుసుకుని వెళ్లాలి. తెలియకపోతే అది బీచ్ దగ్గర ఇంకో వ్యూపాయింట్. ఈ గైడ్‌లో టికెట్ల సంగతి ఎంత ఉందో ఆయన సంగతీ అంత ఉండటానికి కారణం అదే.

బయల్దేరే ముందు: ఎవరి దగ్గరికి వెళ్తున్నాం

వో న్గుయెన్ జాప్. ఫ్రెంచి పాలన మీద పోరాడిన వియత్నాం సైన్యానికి సేనాపతి. మన పేపర్లలో చాలాకాలం ‘జనరల్ గియాప్’ అని రాశారు. హనోయ్‌లో ‘జాప్’ అంటారు, దక్షిణాదికి వెళ్లేకొద్దీ అదే ‘యాప్’ అవుతుంది. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు రాస్తారు, పిలిచేది మాత్రం చివరి పేరుతో. ‘వో’ ఇంటిపేరు, యుద్ధవిద్య అని అర్థం. ‘జాప్’ అంటే కవచం. ఉద్యమంలో ఆయన పెట్టుకున్న మారుపేరు ‘వాన్’, అంటే అక్షరం, చదువు. సైన్యంలో చాలామంది ఆయన్ని ‘అన్ వాన్’ అనే పిలిచారు, మన మాటల్లో ‘వాన్ అన్న’. యుద్ధం ఇంటిపేరులో ఉంది, చదువు పెట్టుకున్న పేరులో ఉంది.

చదువు ఊరికే అనలేదు. ఆయన హనోయ్‌లోని థాంగ్ లోంగ్ ప్రైవేటు స్కూల్లో చరిత్ర చెప్పిన మాస్టారు. ఏ సైనిక కాలేజీలోనూ చదవలేదు. పుట్టింది 1911 ఆగస్టు 25న, క్వాంగ్ బిన్ ప్రాంతంలోని లే త్వీ దగ్గర అన్ సా అనే పల్లెలో. 1944 డిసెంబరు 22న ఉత్తరాన కావ్ బాంగ్ అడవుల్లో 34 మందితో ఒక దళం పెట్టారు. నేటి వియత్నాం సైన్యం తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. 1948లో ఆయన ‘దాయ్ తూంగ్’ అయ్యారు, అంటే పూర్తిస్థాయి జనరల్. అప్పటికి వయసు 37 కూడా నిండలేదు. మొదటి భార్య న్గుయెన్ థి క్వాంగ్ థాయ్ ఫ్రెంచివాళ్ల జైల్లోనే చనిపోయారు. ఆమె అక్క న్గుయెన్ థి మిన్ ఖాయ్‌ని 1941లో కాల్చి చంపారు. తండ్రి కూడా ఫ్రెంచివాళ్లు పట్టుకెళ్లాక తిరిగి రాలేదు.

ఆయన గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకుని వెళ్లాలంటే 1954 జనవరి చివరి వారం గుర్తుపెట్టుకోండి.

దియెన్ బియెన్ ఫూ అనేది వాయవ్య కొండల మధ్య ఒక లోయ. ఫ్రెంచి సైన్యం అందులో దిగి కోట కట్టుకుంది. చుట్టూ ఉన్న కొండల మీదికి ఫిరంగులు ఎక్కవని వాళ్ల నమ్మకం. వియత్నాం సైనికులు వాటిని తాళ్లు కట్టి చేతులతో లాక్కుపోయారు. మెరుపుదాడి చేసి త్వరగా ముగించాలన్నది పథకం. అందరూ సిద్ధం. సేనాపతికి మాత్రం మనసొప్పలేదు. గెలుపు ఖాయమనిపిస్తేనే కొట్టు, లేకపోతే వద్దు అని దేశాధ్యక్షుడు హో చి మిన్ చెప్పి పంపారు. దాడికి ముందు రాత్రి ఆయనకు నిద్ర లేదు, తల పగిలిపోయే నొప్పి. డాక్టరు ‘న్గాయ్ కూ’ అనే ఆకు తెచ్చి నుదుటికి కట్టారు. అది వేరే ఏదో కాదు, మన వినాయక చవితి పత్రిలో ముందుగా పేరు చదివే మాచిపత్రి జాతి ఆకే. తెల్లారాక చైనా సలహాదారుకు చెప్పి, తన తోటి కమాండర్లను ఒప్పించి, జనవరి 26న దాడి ఆపేశారు. అన్ని తిప్పలు పడి ఎక్కించిన ఫిరంగుల్ని మళ్లీ వెనక్కి లాగమన్నారు. ఆ లాగుడులో జారిపోతున్న విమాన విధ్వంసక తుపాకీ చక్రాల కింద తన ఒళ్లు అడ్డం పెట్టి తో విన్ జియెన్ అనే సైనికుడు చనిపోయాడు. ఆ తర్వాత ఆరు వారాలు దారులు వేశారు, కొండల్లో గుంతలు తవ్వి ఫిరంగుల్ని దాచారు, సైకిళ్ల మీద బియ్యం చేరవేశారు. మార్చి 13న మొదలుపెట్టి మే 7న ముగించారు. 56 రోజులు. ఇండోచైనాలో ఫ్రాన్స్ పాలన అక్కడితో సరి.

ఆయన చేయించిన దాడుల లెక్క చాలా పెద్దది. ఆయన చేయించకుండా ఆపిన ఈ ఒక్క దాడి వల్లే ఆయన మీద నాకు గౌరవం. సైనికుల ప్రాణాలు లెక్కచేయలేదన్న విమర్శ ఆయన మీద బలంగానే ఉంది. తర్వాతి యుద్ధాల్లో పోయినవాళ్ల సంఖ్య చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. రెండు సంగతులూ మనసులో పెట్టుకునే కొండ ఎక్కండి.

2013 అక్టోబరు 4న హనోయ్‌లోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు. మన లెక్కలో 102 ఏళ్లు, వాళ్ల లెక్కలో 103. చాంద్రమానంలో అది వాళ్లకు ఎనిమిదో నెల ఆఖరి రోజు. మనకు ఆ ఏడాది అదే రోజు పెత్తరమాస, పెద్దలకు బియ్యం ఇచ్చుకునే రోజు. అక్కడ కూడా చనిపోయినవాళ్లను తిథి ప్రకారమే తలుచుకుంటారు కాబట్టి ఈ కలయిక మా బావకు తెగ నచ్చింది. దారి పొడవునా హోటల్ వాళ్లకీ డ్రైవర్‌కీ చెప్పాలని చూశాడు, ఫోన్‌లో తర్జుమా యాప్ ‘పెత్తరమాస’ దగ్గర చేతులెత్తేసింది.

పెద్ద నాయకుల్ని మామూలుగా హనోయ్‌లోని మాయ్ జిక్ శ్మశానంలో పూడుస్తారు. ఈయన మాత్రం సొంత ప్రాంతానికి పోతానన్నారు. అక్టోబరు 13న దేహాన్ని విమానంలో అక్కడి దొంగ్ హోయ్ పట్టణానికి తెచ్చి, అక్కడి నుంచి రోడ్డు మీద వూంగ్ చువాకు తీసుకెళ్లారు. దారికి రెండు పక్కలా జనం గంటల తరబడి నిలబడ్డారు.

పేర్లు రాసి పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం

మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. దొంగ్ హోయ్‌లో హోటల్ కుర్రాడికి ‘జనరల్ గారి చోటు’ అని చెప్పి కారు మాట్లాడించుకున్నాం. గంట పోయాక చూస్తే కుడి పక్కన ఉండాల్సిన సముద్రం జాడే లేదు, రెండు వైపులా వరిచేలు. డ్రైవర్ మమ్మల్ని నేరుగా అన్ సాకు, అంటే ఆయన పుట్టిన ఇంటికి తెచ్చాడు. దొంగ్ హోయ్‌కి ఆ ఊరు దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సమాధి ఉత్తరాన 60 కిలోమీటర్లు దాటాక. డ్రైవర్ తప్పేం లేదు, అడగడం రాకపోవడం మా తప్పు. చివరికి ఒకే రోజు రెండూ చూశాం కానీ, సమాధి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్న విరామం. గేటు బయట చెట్టు కింద కూర్చోవాల్సొచ్చింది.

అందుకని ఈ మాటలు వియత్నాం లిపిలో ఫోన్‌లో సేవ్ చేసుకుని, నోటితో చెప్పకుండా చూపించండి. వాళ్ల భాషలో స్వరం కొంచెం మారితే అర్థమే మారిపోతుంది.

‘మో’ అంటే సమాధి, ‘న్యా’ అంటే ఇల్లు. ఈ రెండూ కలిసిపోకూడదు. ‘దాయ్ తూంగ్’ అంటే జనరల్. ఆ ప్రాంతంలో ఈ మాటంటే ఈయనే, పేరు చెప్పక్కర్లేదు. ‘వూంగ్ చువా’ చోటు పేరు: వూంగ్ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన మడుగు, చువా అంటే బౌద్ధ గుడి. ‘దావ్ యెన్’ ఎదురుగా కనిపించే దీవి, గూళ్లు కట్టే ఒక రకం చిన్న పక్షుల పేరు మీద వచ్చింది. బోర్డుల మీద, మ్యాపుల్లో వూంగ్ చువా, దావ్ యెన్ జంటగానే కనిపిస్తాయి.

ఇంకో చిక్కు: 2025 జులై 1 నుంచి క్వాంగ్ బిన్ ప్రావిన్సును క్వాంగ్ త్రి ప్రావిన్సులో కలిపేశారు. కలిసిన ప్రావిన్సుకు రాజధాని దొంగ్ హోయే. జిల్లాలు కూడా తీసేశారు. పాత పుస్తకాల్లో, బ్లాగుల్లో క్వాంగ్ బిన్ ప్రావిన్స్, క్వాంగ్ త్రాక్ జిల్లా అని ఉంటుంది. కొత్త మ్యాపుల్లో క్వాంగ్ త్రి అని చూసి వేరే చోటేమో అని కంగారుపడకండి. అక్కడివాళ్లు ఇంకా క్వాంగ్ బిన్ అనే అంటున్నారు.

ఎప్పుడు వెళ్లాలి

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా హాయిగా ఉంటుంది. ఫిబ్రవరిలో చిరుజల్లు, మబ్బు ఉండొచ్చు, ఒక స్వెట్టర్ పెట్టుకుంటే చాలు. మే నుంచి ఆగస్టు దాకా ‘లావోస్ గాలి’ కొడుతుంది. పడమటి కొండలు దాటి దిగే పొడి వేడి గాలి అది. రామగుండం మే నెల తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. ఆ నెలల్లో వెళ్తే ఎండ ముదరకముందే కొండ దిగిపోయేలా చూసుకోండి.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా తుపాన్లు, వరదలు. వర్ధంతి అక్టోబరు 4 సరిగ్గా అందులోనే పడుతుంది. ఆ రోజుకే వెళ్లాలనుకునేవాళ్లు ముందూ వెనకా రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి, రైళ్లు ఆగిపోవడం మామూలే. రద్దీ గురించి కూడా ఒక మాట: డిసెంబరు 22, మే 7, వాళ్ల జాతీయ దినమైన సెప్టెంబరు 2 తేదీల చుట్టూ స్కూలు పిల్లలు, పాత సైనికులు బస్సుల్లో వస్తారు. నాకైతే అలాంటి రోజే మంచిదనిపిస్తుంది. పతకాలు తగిలించుకుని వచ్చిన ముసలి సైనికుడు మెట్ల దగ్గర మనవడి చేయి పట్టుకోవడం చూస్తే, ఏ గైడూ చెప్పలేనిది అర్థమవుతుంది.

తెత్, అంటే వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారం టికెట్లు దొరకవు, హోటళ్లు సగం మూసి ఉంటాయి. వదిలేయండి.

వీసా, విమానం

ఈ–వీసా చాలు. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే అప్లై చేయండి. అచ్చం దానిలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు బోలెడు ఉన్నాయి, రెండు మూడింతలు లాగుతాయి. ఒకసారి వెళ్లడానికి 25 డాలర్లు, పలుసార్లు వెళ్లడానికి 50 డాలర్లు, గడువు 90 రోజుల దాకా. మామూలుగా మూడు పనిదినాలు అంటారు గానీ రెండు వారాల ముందే పెట్టుకోవడం మంచిది.

తెలుగువాళ్లకు గుచ్చుకునేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, ఇంటిపేరు విడగొట్టి రెండు ముక్కలుగా ఉన్నవాళ్లు ఎక్కువ. పాస్‌పోర్టు అడుగున అచ్చయిన రెండు వరసల్లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నింపండి. తప్పు పడితే డబ్బు వెనక్కి రాదు, మళ్లీ కొత్తగా కట్టాలి. ఏ ఎయిర్‌పోర్టులో దిగుతారో కూడా ఫారంలోనే రాయాలి.

హైదరాబాద్ నుంచి హనోయ్‌కి, హో చి మిన్ సిటీకి 2025లో నేరుగా విమానాలు మొదలయ్యాయి. షెడ్యూళ్లు మారుతుంటాయి, బుక్ చేసేముందు చూసుకోండి. ఈ ప్రయాణానికి హనోయ్ నయం. అక్కడి టైము మనకన్నా గంటన్నర ముందు.

హనోయ్ నుంచి దొంగ్ హోయ్ దాకా

పేరు వినగానే మా ఇంట్లో అందరూ నవ్వారు. దొంగ్ అంటే వాళ్ల డబ్బు పేరు కూడా. దొంగ్ హోయ్‌లో దొంగ్‌లు పోగొట్టుకోకండి అని మా అక్క వాట్సాప్‌లో మెసేజ్.

హనోయ్ నుంచి, హో చి మిన్ సిటీ నుంచి దొంగ్ హోయ్‌కి విమానాలున్నాయి. నేను మాత్రం రైలే ఎక్కమంటాను. 522 కిలోమీటర్లు, సుమారు పది గంటలు. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున దింపుతుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. ‘మెత్త బెర్తు’ కంపార్ట్‌మెంట్లో నలుగురు, ‘గట్టి బెర్తు’లో ఆరుగురు. గట్టి బెర్తులో పై వరస మీద కూర్చోలేం, పడుకోవడమే. తెల్లవారాక కిటికీ పక్కన ఉండండి. రైలు దారి సముద్రం పక్కన రాదు, లోపలి కొండల మధ్య నుంచి వంకలు తిరుగుతూ వస్తుంది. పొద్దుటి మంచులో సున్నపురాయి గుట్టలు, వాటి మధ్య వరిమళ్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ దీనర్థం ఇంకొకటుంది: రైలు వూంగ్ చువా దగ్గరికి పోదు. అక్కడెక్కడో చిన్న స్టేషన్లో దిగిపోదామన్న ఆలోచన వద్దు, దొంగ్ హోయ్‌లోనే దిగండి.

హ్యూ నుంచి వచ్చేవాళ్లకు రైల్లో మూడు నాలుగు గంటలు. దా నాంగ్ నుంచైతే ఇంకో రెండు మూడు గంటలు కలుపుకోండి. ఉత్తరాన ఉన్న విన్ నగరం నుంచి జాతీయ రహదారి 1 మీద దక్షిణానికి వచ్చే బస్సులు సమాధి మలుపు పక్క నుంచే పోతాయి. అక్కడ దింపమంటే దింపుతారు. మలుపు నుంచి లోపలికి ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంటుంది, ఎండలో సామాన్లతో నడవడం ఇబ్బంది.

దొంగ్ హోయ్ నుంచి కారులో

కారు, డ్రైవర్‌తో సహా, రోజుకి మాట్లాడుకోండి. ఉదయం ఆరున్నరకి బయల్దేరితే ఎనిమిది, ఎనిమిదిన్నరకి చేరతారు. బేరం ఆడేటప్పుడు మొత్తం రోజు, ఆగే చోట్లు, పెట్రోలు, టోల్ అన్నీ కలిపి ఒకే రేటు రాయించుకోండి. రాసింది ఫోటో తీసుకోండి.

బైకు మీద పోవాలన్న సరదా ఉన్నవాళ్లు ఆగండి. సమాధి మలుపు పక్కనే హోన్ లా ఓడరేవు, పారిశ్రామిక ప్రాంతం, థర్మల్ కరెంటు ప్లాంటు ఉన్నాయి. పెద్ద పెద్ద లారీలు వరసగా వస్తుంటాయి, దుమ్ము, సైడ్ ఇవ్వరు. మన లైసెన్సు చూపిస్తే బైకు అద్దెకిస్తారు గానీ, ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది.

దారిలో జాన్ నది వంతెన వస్తుంది. 17వ శతాబ్దంలో ఉత్తరాన త్రిన్ ప్రభువులు, దక్షిణాన న్గుయెన్ ప్రభువులు దేశాన్ని పంచుకున్నప్పుడు సరిహద్దు ఈ నదే. మళ్లీ 1954లో దేశం రెండు ముక్కలైనప్పుడు గీత ఇంకాస్త దక్షిణాన బెన్ హాయ్ నది దగ్గర పడింది. ఈ ప్రాంతంలో దేశం నడుము సన్నం, కొండకీ సముద్రానికీ మధ్య 50 కిలోమీటర్లు కూడా ఉండని చోట్లున్నాయి. అందుకే గీత గీయాలన్నా, బాంబులు వేయాలన్నా అందరికీ ఇదే కనిపించింది. వంతెన దాటాక బా దోన్ పట్టణం. పొద్దున టిఫిన్‌కి, పూలకి ఇక్కడ ఆగండి.

పూలంటే చామంతులు, తెల్లవో పచ్చవో. అక్కడ చనిపోయినవాళ్లకు పెట్టేది అవే. సమాధి దగ్గర కూడా అమ్ముతారు గానీ ఊళ్లో తాజాగా ఉంటాయి, రేటూ తక్కువ. పెద్ద గుత్తి అక్కర్లేదు.

ఉత్తరంగా పోతుంటే ఎదురుగా ఒక కొండల వరస సముద్రం దాకా వచ్చి ఆగుతుంది. అది హ్వాన్ సొన్, అంటే ‘అడ్డంగా ఉన్న కొండ’. దానికి కొంచెం ముందే కుడివైపు మలుపు, హోన్ లా బోర్డులు చూసుకుంటూ తిరగాలి. మలుపు దాటిపోయి ఎదురుగా సొరంగం కనిపించిందంటే ముందుకొచ్చేసినట్టే.

కొండ మీద

కారు కింద ఆపేసి నడవాలి. లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు. కాపలా సరిహద్దు దళం సైనికులది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి తల వంచి నమస్కారం చేయండి. మన నమస్కారం వాళ్లకు బాగా అర్థమవుతుంది. బ్యాగులు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పైకి పోవాలో చేత్తోనే చూపిస్తారు. గుంపుగా పంపుతుంటే ఆగి ఆ గుంపుతోనే వెళ్లండి, ముందుకు తోసుకోకండి.

మధ్యాహ్నం భోజన విరామం వాళ్లు ఖచ్చితంగా పాటిస్తారు. పదకొండు దాటాక చేరేటట్టయితే తొందరపడకుండా ముందు అన్నం తినేసి రెండు తర్వాత వెళ్లండి. మేము పడ్డ తిప్పలు చెప్పాను కదా.

బట్టలు: మోకాళ్లు, భుజాలు కప్పేవి. షార్టులు, స్లీవ్‌లెస్ వద్దు. మా ముందు వచ్చిన ఒక కుర్రాడు షార్ట్ మీద ఉంటే అక్కడున్న పెద్దావిడ తన కండువా తీసి నడుముకు చుట్టించింది, నవ్వుతూనే. టోపీ, కళ్లజోడు పైన తీసేయాలి. చెప్పులు వేసుకునే ఎక్కొచ్చు, కానీ మెట్లకు ఆనేవి వేసుకోండి, వానలో జారుతుంది.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో ఉంచండి. సమాధి దగ్గర కెమెరా తీసే ముందు సైనికుడి వైపు చూడండి. చెయ్యి అడ్డంగా ఊపితే అంతటితో ఆపేయాలి, ‘ఒక్కటే’ అని బతిమాలకూడదు. సెల్ఫీ అయితే అడగనే వద్దు. వాళ్లకు ఇది తాతగారి సమాధి లాంటిది. సముద్రం ఫోటోలు కిందికొచ్చాక ఎన్నైనా తీసుకోండి.

పైన వరస క్రమం ఇలా ఉంటుంది. పూలు అందించండి, లేదా చూపించిన చోట పెట్టండి. ఊదుబత్తులు బేసి సంఖ్యలో, ఒకటో మూడో. వాళ్లవి పొడుగ్గా, ఎర్ర పుల్లతో ఉంటాయి. వెలిగించాక మంటను నోటితో ఊదకూడదు, చేత్తో విసరాలి. మన దగ్గరా అంతే కదా. రెండు చేతులతో నుదుటి దాకా ఎత్తి, మూడుసార్లు తల వంచి, ఇసుక కుండలో గుచ్చండి. జనం ఎక్కువగా ఉన్న రోజు ఊదుబత్తులు అందరికీ ఇవ్వరు, గుంపు తరఫున ఒకరే వెలిగిస్తారు. చేతులు జోడించి నిలబడితే చాలు. తర్వాత వరసలో సమాధి చుట్టూ తిరిగి దిగిపోవాలి.

అక్కడ ఒక్క నిమిషం దొరికితే సమాధికి వీపు పెట్టకుండా, పక్కకి జరిగి, ఆయన చూస్తున్న వైపే చూడండి. వెనక హ్వాన్ సొన్ కొండ, ముందు మడుగు, నీళ్ల మధ్య దావ్ యెన్. గాలి లేని రోజు ఆ మడుగులో నీళ్లు చెరువులా కదలకుండా ఉంటాయి, దూరంగా రేవు వైపు పోయే ఓడ హారన్ వినిపిస్తుంది. వెనక కొండ, ముందు నీళ్లు ఉండాలన్నది వాళ్ల ఫెంగ్ ష్వీలో పెద్ద లెక్క. జనం ఆ సంగతి గర్వంగా చెప్పుకుంటారు. మా బావ రిటైరైన సోషల్ టీచరు, గవర్నమెంటు హైస్కూల్లో ముప్పై ఏళ్లు చేశాడు. కిందికొచ్చేటప్పుడు, “హిస్టరీ మాస్టారుకి ఇంతమంది సెల్యూట్ చేయడం ఇక్కడే చూశానోయ్” అన్నాడు. అక్కడి నుంచి కారు దాకా ఇంకేం మాట్లాడలేదు.

కొండ పక్కన పొదల్లోకి, బాటలు లేని చోట్లకి పోకండి. ఈ ప్రాంతంలో పేలని బాంబులు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

తిండి, డబ్బు

ఒక రూపాయికి సుమారు 300 దొంగ్‌లు. సున్నాలు చూసి టెన్షన్ పడతారు. చివరి మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో గుణిస్తే దాదాపు రూపాయల్లో వస్తుంది. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం ఛాయలోనే ఉంటాయి, తీసిచ్చేముందు అంకె చదవండి. కొండ దగ్గర పూలమ్మేవాళ్లకి చిల్లర నోట్లే ఇవ్వాలి.

మాంసం, చేప తినేవాళ్లకు ఇబ్బందే లేదు. బాన్ కాన్ అనే లావు నూడుల్స్ పులుసు, రొయ్య పెట్టి ఆవిరిపట్టిన బాన్ బొత్ లొక్ ఇక్కడి టిఫిన్లు. శాకాహారులకు గుర్తుండే మాట ఒకటుంది: ‘ఆన్ చాయ్’. శాకాహారం తింటాను అని అర్థం. టీ అనుకోకండి, టీని ‘చా’ అంటారు! చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే దాదాపు మన పాడ్యమికి, పౌర్ణమికి, చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో చాయ్ హోటళ్లు కళకళలాడతాయి. మిగతా రోజుల్లో చేప సాస్ పడని వంటకం దొరకడం కష్టం, పప్పుల పొడి ప్యాకెట్ పెట్టుకోవడం తప్పేం కాదు.

మిగిలిన రోజు ఏం చేయాలి

ఉదయం పదికల్లా కిందికి వచ్చేస్తారు. కారు ఉంది కాబట్టి ఇంకాస్త ఉత్తరానికి, దేవ్ న్గాంగ్ కనుమకు వెళ్లండి. కొద్ది కిలోమీటర్లే. లారీలన్నీ సొరంగంలోంచి పోతాయి, కాబట్టి కొండ మీది పాత రోడ్డు ఖాళీ. పైన మిన్ మాంగ్ చక్రవర్తి 1833లో కట్టించిన రాతి ద్వారం ఉంది. కొండ పాదం దగ్గర ల్యూ హాన్ దేవత గుడి. వ్యాపారం చేసేవాళ్లు, లారీ డ్రైవర్లు ఆగి దండం పెట్టుకుని పోతారు, మన ఘాట్ రోడ్ల మొదట్లో ఉండే అమ్మవారి గుళ్ల లాగానే.

రెండో రోజు ఉంటే అన్ సాకి కేటాయించండి. కియెన్ జాంగ్ నది పక్కన తోట మధ్య చిన్న ఇల్లు, మళ్లీ కట్టి జాగ్రత్తగా ఉంచారు. సెప్టెంబరు 2న ఆ నదిలో పడవ పందేలు జరుగుతాయి, ఊరు ఊరంతా ఒడ్డునే ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి పోతే బెన్ హాయ్ నది మీద హియెన్ లూంగ్ వంతెన. 1954 ఒప్పందం అమలు చూడ్డానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత మన దేశానిదే. పోలెండ్, కెనడా సభ్యులు. ఆ వంతెన దగ్గర నిలబడితే మనం పూర్తిగా పరాయివాళ్లం కాదనిపిస్తుంది.

గుహలంటే ఇష్టమున్నవాళ్లు ఫోంగ్ న్యాకి ఎలాగూ వెళ్తారు, దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దొంగ్ హోయ్‌లో సాయంత్రం న్యత్ లే నది ఒడ్డున నడుస్తూ తామ్ త్వా చర్చి గోపురం చూడండి. బాంబుల్లో ఊరంతా నేలమట్టమైతే అది మిగిలింది, అలాగే వదిలేశారు.

తిరిగి హనోయ్‌లో ఒక పూట దొరికితే హ్వా లో జైలు మ్యూజియంకి వెళ్లండి. ఆయన మొదటి భార్యను ఉంచిన జైలు అది. ఆయన ఉన్న ఇల్లు హ్వాంగ్ జియూ వీధిలో 30వ నంబరు. 2013లో జనం రోజుల తరబడి క్యూ కట్టింది ఆ గేటు ముందే. పక్కవీధిలో హో చి మిన్ సమాధి మందిరం గ్రానైటు, కవాతు చూశాక వూంగ్ చువా గుర్తొస్తే, ఆయన ఎందుకు సొంత ప్రాంతానికి పోతానన్నారో కొంచెం అర్థమవుతుంది.

రాత్రి రైలుకి దొంగ్ హోయ్ స్టేషన్‌కి గంట ముందు చేరితే బయట దుకాణాల్లో ‘ఖ్వాయ్ జేవ్’ కొనుక్కోండి. చిలగడదుంపల్ని ఉడకబెట్టి, ముక్కలు కోసి, ఇసుకనేల ఎండలో ఆరబెట్టినవి. నమిలేకొద్దీ తీపి దిగుతుంది. పై బెర్తులో కూర్చోలేక పడుకుని తినడానికి ఇంతకన్నా మంచిది లేదు.